భీమిలి పరిశుద్ధ పేతురు దేవాలయానికి ఒకనాటి ప్రయాణం
(శతవార్షికోత్సవ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శతవార్షిక సంవత్సరంలో మన పూర్వచరిత్రను కాగితాల మీద చదవడమే కాక కళ్ళారా చూడాలని తలపెట్టి, శ్రీకాకుళం, విజయనగరం సంఘాలవారము నలభై మందిమి ఒక శనివారం భీమునిపట్నం వెళ్ళి వచ్చాము. ఆ ప్రయాణాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కూర్పరులు కోరారు.

శ్రీకాకుళం వారు తెల్లవారుజామునే బయలుదేరి వచ్చి విజయనగరంలో కలిశారు. స్త్రీల సమాజం వారు పులిహోర మూటలు కట్టి తెచ్చారు. తగరపువలస దాటి, 2009లో మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు మీదుగా భీమిలి చేరాము. మన పల్లెలలో పండిన గోగునార ఒకప్పుడు ఈ రేవు నుండి ఓడలెక్కి, భీమిలి పేరుతోనే విదేశాలలో చెలామణి అయింది. ఇప్పుడు గోస్తనీ సముద్రంలో కలిసే ఆ చోట ఓడలు లేవు, చేపల పడవలే ఉన్నవి.

మొదట డచ్చివారి సమాధుల తోట చూశాము. గుడ్డల వర్తకం కోసం 17వ శతాబ్దంలో వచ్చిన డచ్చివారు 1825లో ఈ ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్ళిపోయారు. వారి చనిపోయినవారు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. కొన్ని సమాధులు కోసుగా పైకి లేచి ఉన్నవి. రాళ్ళమీద చెక్కిన అక్షరాలు చదవగలవారు మాలో ఎవరూ లేరు. అంకెలను మాత్రం వేళ్ళతో తడిమి పోల్చుకున్నాము. ఎండకు తాళలేక పిల్లలు ఆ సమాధుల నీడలోనే కూర్చున్నారు. పెద్దలు కోప్పడలేదు.

అక్కడ నుండి పరిశుద్ధ పేతురు దేవాలయానికి వెళ్ళాము. 1855లో మొదలైన ఆ కట్టడాన్ని 1864లో మద్రాసు బిషప్పు ఫ్రెడరిక్ గెల్ గారు ప్రతిష్ఠించారు. లోపల అడుగు పెట్టగానే చల్లదనం, నిశ్శబ్దం. ప్రభువు సిలువను రంగు అద్దాలలో చూపే కిటికీ ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. ఇక గోడలమీది జ్ఞాపక ఫలకాలు చూస్తే, అన్నీ దొరల పేర్లే, దొరసానుల పేర్లే.

అప్పుడు మాతో వచ్చిన ఒక వృద్ధురాలు, "ఈ గోడలు కట్టినోల పేర్లు ఏటైనా రాసేరేటి బాబూ?" అని అడిగింది. సున్నం మోసినవారివి, రాయి చెక్కినవారివి, తొమ్మిదేండ్లు పనిచేసిన మన మనుషులవి. మేము గోడలన్నీ చుట్టి చూశాము. ఒక్క తెలుగు పేరూ మాకు కనబడలేదు.

మా యౌవనస్థులలో ఒకరు, "ఇది దొరల గుడి, మనకేమిటి సంబంధం?" అన్నారు. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఈ దేవాలయం ప్రతిష్ఠ నాటికి తెలుగు సువార్త ఈ తీరానికి కొత్తది కాదు. 1805లోనే లండను మిషను వారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ గార్లు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చి, లేఖనాల తర్జుమా మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడ్పడ్డారు. ఇద్దరు మిషనరీలూ 1810లోగానే మరణించారు. 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చుపడ్డవి. 1818లో ప్రిచెట్ గారి తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 1833లో బాప్తిస్మం పొంది, కీర్తనలు వ్రాసి మన ఊళ్ళలో పాడిస్తూనే ఉన్నారు. అయినా ఈ రాతి మందిరం లేచింది ఇంగ్లీషు అధికారుల కొరకు, వర్తకుల కొరకు. తెలుగువారి కొరకు 1875లో కెనడా బాప్తిస్టువారు ఇదే ఊరిలో వేరుగా పని మొదలుపెట్టవలసి వచ్చింది.

ఇంతకూ దొరలు పోయారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఈ మందిరంలో దీపం ఆరకుండా చూస్తున్నవారు ఇప్పుడు తెలుగువారే. ఆ యౌవనస్థునికి మా పెద్ద ఒకరు చెప్పిన జవాబు ఇదే. మేము అక్కడ చౌదరి గారి కీర్తన ఒకటి పాడాము. ఆ ఎత్తయిన కప్పు కింద తెలుగు పాట ఎంత నిండుగా పలికిందో చెప్పలేము.

వృద్ధురాలి ప్రశ్న మాత్రం బస్సులో కూడా మమ్మును వదలలేదు. ఎందుకంటే ఈ సంచికకై మనం సేకరించిన పటాలు చూడండి. అవి కూడా దాదాపు దొరలవే. వారి త్యాగాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఊరూరా నడిచిన మన ఉపదేశకులు, వాకిటి దగ్గర నిలబడి లోపలి స్త్రీలకు వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలు, మందిరం గంట కొట్టినవారు, వీరి పేర్లు ఏ ఫలకంమీద ఉన్నవి? వారిని ఎరిగినవారు మన మధ్య ఇంకా కొందరున్నారు. వారు ముసలివారు.

అందుచేత తిరుగు ప్రయాణంలోనే ఒక నోటుపుస్తకం తెరిచాము. ఎవరికి తెలిసిన పేరు వారు చెప్పారు: తాత పేరు, ఏ పల్లె, ఏ పని, ఏ సంవత్సరం ప్రాంతం. విజయనగరం చేరేసరికి అరవై మూడు పేర్లు వచ్చినవి. వాటిలో స్త్రీలవి పదకొండే. "ఫలానా వారి భార్య" అని తప్ప అసలు పేరు తెలియనివారు మరి ఏడుగురు. వారికి గీత గీసి చోటు వదిలాము. పుస్తకం మందిరం వెనుక బల్లమీద ఉన్నది. పెన్సిలు దారంతో కట్టి ఉన్నది.