బడిగంటయు గానుగయు



నేను 35 సంవత్సరములు ఉన్నతపాఠశాలయందు తెలుగు పండితుడనుగా పనిచేసి 2018వ సంవత్సరమున విశ్రాంతి పొందినవాడను. బాల్యమున గురుసన్నిధిని కావ్యములును కొంత వ్యాకరణమును చదివితిని. తరువాతి కాలమంతయు వానినే పిల్లలకు చెప్పితిని. ఇట్టివాడు వర్తకమును గూర్చి ప్రసంగింప బూనుట విని మీరు నవ్వుకొందురేమో! మా యూరివారును నవ్విరి. 2019వ సంవత్సరారంభమున మా పెరటి సాలలో నేను కట్టెగానుగ నెలకొల్పినప్పుడు, "పద్యము చెప్పిన నోటితో పంతులుగారు పిండి ధర చెప్పుచున్నారు" అని రచ్చబండకడ ఒకరు అనగా, తక్కినవారు మెచ్చుకొనిరట. నిజమే గదా అని నేనును ఊరకుంటిని.

ఈ పనికి నన్ను పురికొల్పినది ధనాశ కాదు. ఒక బాలుని ప్రశ్న. పదవ్యుత్పత్తులు చెప్పునపుడు నేను ఏటేట ఒక ఉదాహరణ మిచ్చుచుండెడివాడను. సంస్కృతమున తిలలనగా నువ్వులు. తిలలనుండి వచ్చినది తైలము. తెలుగున నువ్వునకు నెయ్యి చేరి నూనె యైనది. రెండు భాషలును నువ్వుల నూనెకు పెట్టిన పేరే కాలక్రమమున నూనెల కన్నిటికిని పేరైనది. కావుననే మన పెద్దలు నువ్వులనూనెను ఉత్త నూనె యనక "మంచినూనె" యని వేరుగా చెప్పుకొనవలసి వచ్చినది. నా కొలువు చివరియేట ఈ మాట చెప్పుచుండగా వెనుక వరుసలోని బాలు డొకడు లేచి, "మాస్టారూ, నువ్వులోంచి నూనె ఎలా వస్తుందండీ? మీరు చూశారా?" అని యడిగెను. నేను చిన్ననాడు చూచితిని. కాని వానికి చూపుటకు ఊరిలో ఒక్క గానుగయు మిగిలియుండలేదు. పదము మిగిలినది, పదార్థము పోయినది. ఆ దినమున బడి వదలిన తరువాతను ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మా యూర పూర్వము గానుగ ఆడించిన వృద్ధు డొకడు కలడు. ఆయనను నేను బాబాయి యని పిలుతును. అక్షరజ్ఞానము లేనివాడైనను ఈ విద్యయందు ఆయన నాకు గురువు. మొదట ఎద్దు లేని గానుగ యనగానే ముఖము చిట్లించెను. మోటారు పెట్టినను ఎద్దు నడకకంటె వేగము మించకుండునట్లు బిగింపించిన తరువాతనే రోటిని ముట్టెను. "తొందరపెడితే నూనె వేడెక్కుతుంది పంతులూ! వేడెక్కిన నూనెకు వాసనుండదు, నిలవా ఉండదు" అనెను.

మా రోటిలో ఒక్క ఆటకు 10 కిలోల నువ్వులు పోయుదుము. గంటకు పైగా తిరుగును. నలిగిన పిండి యొక ముద్దగా కట్టి నూనె వేరగుటకు కొలతగా నీరు చిలుకరించి, కొంచెము తాటిబెల్లము వేయుదుము. 10 కిలోలకు సుమారు 4 కిలోల నూనె దిగును. మిగిలినది తెలకపిండి. దానిని కొంత పశువులకును, కొంత మునగాకుతో కూర వండుకొనుటకును కొనిపోవుదురు. దిగిన నూనెను వెంటనే అమ్మరాదు. మూడునాలుగు దినములు ఎండలో నుంచినచో చెమ్మ యారిపోవును, మడ్డి యడుగున దిగును, పైని తేట నిలుచును. ఈ తేటకై వేచియుండుటయే గానుగ పనిలో సగము. చూచుటకు అది పని వలె కనబడదు. ఏమియు చేయక కూర్చుండుటయు పనియే యని తెలిసికొనుటకు నాకు కొంత కాలము పట్టినది.

ఇక భోజనము మాట. బడిలో నున్నంతకాలము నా ఆకలి గంటను బట్టి నడచినది. గంట కొట్టగనే పిల్లలు తినెడివారు, మేమును తినెడివారము. స్వంతపని పెట్టుకొన్న తరువాత నాకు గంట కొట్టువారు లేకపోయిరి. ఒకనాడు పన్నెండింటికి, ఒకనాడు మూడింటికి, ఒకనాడు నిలువుకాళ్లపై రెండు ముద్దలు. పరుల వంటకు నూనె సమకూర్చువాడను నేను. నా కడుపులో మాత్రము ఎల్లప్పుడు మంట. ఇట్లు నెల గడచినపిదప మా యింటిది అన్నది: "ఏమండీ, ముప్పయ్యైదేళ్లు ఊరి పిల్లలందరినీ వేళకు అన్నానికి వదిలారు. మిమ్మల్ని మీరు వదులుకోలేరా?" దానికి నాకడ ప్రత్యుత్తరము లేకపోయినది.

మరునాడు పాత ఇనుపకమ్మి ముక్క యొకటి తెచ్చి సాల దూలమునకు వ్రేలగట్టితిని. పన్నెండున్నరకు గంట. గంట మ్రోగగనే మోటారు ఆగవలెను. బాబాయియు, నువ్వులు చెరుగు అమ్మాయియు, నేనును వరుసగా కూర్చుందుము. పప్పు, కూర, మజ్జిగ. మొదటి ముద్దకు మాత్రము వేడియన్నములో కందిపొడి కలిపి, తేరిన క్రొత్త నూనె గరిటెడు పోసికొందుము. ఈ యాచారము బాబాయిది. "అమ్మేది ముందు మన నాలుక చూడాలి" అని ఆయన నియమము. నేను దానిని రుచికొరకైన ముచ్చట యనుకొంటిని గాని శాస్త్ర మనుకొనలేదు. అనుకొననందుకు తగిన ఫలము అనుభవించితిని. ఆ కథ దాచక చెప్పుటకే నేడు మీయెదుటికి వచ్చితిని.

ఆ సంవత్సరమే వేసవి. ఆవకాయ దినములు. గోదావరి ప్రాంతపు గృహములలో ఏడాది ఆవకాయకు మంచినూనె ఎంత ముఖ్యమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. గానుగనూనె యని విని జనులు సీసాలు పట్టుకొని వచ్చుచుండిరి. అంతలో అకాలవర్షము కురిసి సాలలోని నువ్వుల బస్తాలు తడిసినవి. ఒకదినము ఎండబెట్టితిమి. బాబాయి గుప్పెడు నువ్వులు తీసి, చెవికడ నలిపి వినెను. "ఇంకా రెండెండలు తగలాలి" అనెను. వాకిట జనులు నిలుచున్నారు. బాబాయి మాట నాకు చాదస్తముగా తోచినది. "ఎట్లును రోటిలో నీరు చిలుకరింతుము గదా, ఈ కొంచెపు తడికేమి?" అని వాదించితిని. మాటలతో గెలుచుట పండితునికి కష్టము కాదు. ఆయన తల వంచుకొని రోటికడకు పోయెను.

చిలుకరించు నీరు కొలతకు లోబడినది, ఎండకు పోవునది. గింజ కడుపున దాగిన వాననీరు అట్టిది కాదు. ఆ భేదము ఆయన చేతికి తెలిసినది, నా వ్యాకరణమునకు తెలియలేదు. పైగా ఆ వారమంతయు నేను గంట కొట్టలేదు. భోజనమునకు కూర్చున్నవారు లేరు, మొదటి ముద్ద లేదు, నూనెను నాలుక చూడలేదు. తేరుటకు దినములును ఈయలేదు. సాయంకాలము దిగినది ప్రొద్దుటికి సీసాలకెక్కినది.

మూడు వారములు గడచినవి. ఒకనాడు మా యింటిది తన జాడీ మూత తీసి నన్ను పిలిచినది. ముక్కలపై తెల్లని బూజు. ఆవకాయకు తడి శత్రువని మన ఇండ్లలో చిన్నపిల్లకును తెలియును. కాయ తుడిచిన గుడ్డయు, కలిపిన చేయియు పొడిగా నుండవలెనందురు. తడి మా నూనెలోనే కలదు! నాకు కాళ్లలో సత్తువ పోయినది. మా జాడీ ఇట్లున్నచో ఊరి జాడీలెట్లున్నవి?

బడిపంతులకు హాజరుపట్టీ వ్రాయు అలవాటు పోదు. ఆ వారము ఎవరికెన్ని సీసాలు పోయినవో పేరుపేరున వ్రాసియుంచితిని: 31 ఇండ్లు, 46 సీసాలు. ఆ పట్టీ చేతబట్టుకొని ఇంటింటికి బయలుదేరితిని. పూర్వము పిల్లల పేర్లు పిలిచితిని. ఇప్పుడు వారి తల్లుల గడపలలో నిలిచి నా తప్పు పిలుచుకొంటిని. కొందరు కోపించిరి. కొందరి జాడీలు దైవవశమున బాగుగనే యున్నవి. ఒకరు, "వ్యాపారమంటే ఇంతే లెండి మాస్టారూ" అని ఓదార్చిరి. ఆ యోదార్పు కోపముకంటె ఎక్కువ గ్రుచ్చుకొన్నది.

మా వీధి చివర ఒంటరిగా నున్న ఒక పెద్దమ్మగారు కలరు. ఆమె కుమారుడు నా శిష్యుడు, దూరదేశమున నున్నాడు. వానికి పంపుటకై వేరుగా ఒక జాడీ పెట్టెను. నేను విషయము చెప్పగా ఆమె చాలసేపు పలుకలేదు. తరువాత, "మీరొచ్చి చెప్పారు కాబట్టి సరిపోయింది నాయనా! యాభైయేళ్లుగా పెడుతున్నాను, ఎన్నడూ చెడలేదు. నా చేతికే ఏదో వచ్చిందనుకున్నాను. ఇక ఆవకాయ పెట్టకూడదనుకున్నాను" అనెను.

అయ్యలారా! ధనము నష్టమైనపుడు నేను కంట తడి పెట్టలేదు. ఈ మాటకు పెట్టితిని. చెడుసరకు అమ్మినవాడు కొన్నవాని సొమ్ము మాత్రమే తీసికొనుట లేదు. వంట చెడినపుడు ఇల్లాలు అంగడివానిని నిందింపదు. తన చేతిని నిందించుకొనును. ఏబది యేండ్ల నేర్పును నేను రెండెండల తొందరతో దొంగిలించితిని. నేను చెప్పకున్నచో ఆమె ఆ నిందను కడదాక మోసియుండును. నా లెక్కల పుస్తకమున దానికి పద్దు కూడ లేదు.

చెడిన 19 జాడీలకు కాయయు, కారమును, ఆవపిండియు, నూనెయు తిరిగి ఇచ్చితిని. కాయల కాలము గడచిపోవుచున్నందున మేలైన కాయ దొరకలేదు. దొరికిన నాటుకాయతోనే సరిపెట్టవలసి వచ్చినది. ఆ యేటి లాభమంతయు పోయి, పింఛనులో కొంత చేరినది. పెద్దమ్మగారి జాడీ మాత్రము నేను కాయ తుడిచి యీయగా ఆమెయే తన చేతితో కలిపెను. అది చెడలేదు. కుమారునికి పంపెను.

నాటినుండి మా సాలలో మూడు కట్టుబాట్లు నడచుచున్నవి. నువ్వు ఎండినదో లేదో తేల్చువాడు బాబాయి. నాకు దానియందు వాదించు నధికారము లేదు. తేరిన నూనె మా మువ్వురి విస్తళ్లలో పడనిదే సీసాలో పడరాదు. వాకిట ఎందరు నిలిచినను పన్నెండున్నరకు గంట ఆగరాదు. ఈ మూడవదియే తక్కిన రెంటిని కాపాడుచున్నదని నా యనుభవము. అన్నమునకు కూర్చుండ తీరిక లేనివానికి ఆలోచించుటకును తీరిక యుండదు. ఆకలితో చేసిన తొందర లెక్కకు లాభముగా తోచును.

మీకు ఉపయోగించు లెక్క యొకటి చెప్పెదను. కిలో నూనెకు మా గానుగలో రెండున్నర కిలోల నువ్వులు కావలెను. కిలో నువ్వులు 200 రూపాయలనుకొనుడు. నువ్వులకే 500 అగును. తెలకపిండి అమ్మగా ఏబది రూపాయలో, కొంచెము హెచ్చో తిరిగి వచ్చుననుకొనుడు. ఇంకను కూలి, విద్యుత్తు, సీసా కలవు. పెద్దయంత్రము మాకంటె కొంత హెచ్చు నూనె పిండవచ్చును. కాని నువ్వులో లేని నూనెను ఏ యంత్రమును పిండలేదు. కావున నువ్వుల ధర 200 ఉండగా ఎవరైన శుద్ధమైన నువ్వులనూనె 250కే ఇచ్చెదనన్నచో, కొనుటకు ముందు తక్కినదేమి కలిపినావని యడుగుడు. నన్నును అట్లే యడుగుడు. అడుగు కొనుగోలుదారు వర్తకునికి భారము కాడు, కావలివాడు.

ప్రశ్న యడిగిన బాలుడు ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. సెలవులకు వచ్చి మా సాలలో ఒక పూట కూర్చుండెను. రోటి అంచున మొదటి బొట్టు పొటమరించుట చూచి, "ఇంతసేపు పడుతుందా మాస్టారూ!" అని యాశ్చర్యపడెను. అంతలో గంట మ్రోగినది. వానికిని ఒక విస్తరి వేసి, మొదటి ముద్దలో గరిటెడు నూనె పోసితిమి. 35 సంవత్సరములు నేను నోటితో చెప్పిన వ్యుత్పత్తి ఆనాడు వాని నాలుకకు తెలిసినది.

గానుగెద్దు తిరిగినచోటనే తిరుగునని లోకులు వెక్కిరింతురు. తిరుగుట దోషము కాదు, ఆర్యులారా! వేళకు ఆగుట తెలిసినచో ఆ తిరుగుడులోనే తేట దిగును.