బండి పాతదే, మోకాలూ పాతదే

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు మీ మోకాలి గురించి చెప్పండి" అన్నారు. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ని. నోట్ ఫైలు రాయడం వచ్చు గాని ఉపన్యాసం ఇవ్వడం రాదు. అందుచేత ఫైలు పద్ధతిలోనే, జరిగింది జరిగినట్టు మీ ముందు పెడతాను. తప్పులుంటే మన్నించండి.

హయత్‌నగర్‌లో మా వీధివాళ్లకు నేను "డుగుడుగు బండి సార్"ని. 1979లో మోటార్ సైకిల్ అడ్వాన్సు పెట్టుకొని యెజ్డీ 250 కొన్నాను. వాయిదాలు జీతంలో కోతపడి అప్పు ఏనాడో తీరింది గాని బండి మాత్రం నన్ను వదలలేదు. అది మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైనది. అక్కడ 1961లో చెకోస్లవేకియావారి జావా బండ్లు చేయడం మొదలుపెట్టారు, 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చారు, 1996లో మూసివేశారు. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో కొత్త బండ్లు వచ్చాయి గాని, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకొనే మా పాత బండి రుచి వేరు.

మట్టిలో, గుంటల్లో, మిట్టల మీద మోటార్ సైకిల్ తోలే పందేన్ని మోటోక్రాస్ అంటారు. ఇంగ్లండులో 1924లో కాంబర్లీ దగ్గర జరిగిన పందెంతో దీనికి ఆరంభమని చెబుతారు. మా జావాకు తోబుట్టువు వంటి సీజెడ్ బండి మీద బెల్జియం దేశస్థుడు జోయెల్ రాబెర్ 1964లో 250 సీసీ తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు. మేమంత గొప్పవాళ్లం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆఫీసు మిత్రులం నలుగురం ఎండాకాలం ఎండిన చెరువు శిఖంలో మడ్‌గార్డులు విప్పేసి పందేలు పెట్టుకొనేవాళ్లం. కప్పులూ లేవు, పతకాలూ లేవు. ఓడినవాడు ఇరానీ చాయ్ తాగించాలి, అంతే. రిటైరైన తర్వాత పాత బండ్లు పోగుచేసుకొనే కుర్రవాళ్లు కొందరు పరిచయమై, వాళ్లతో కలిసి ఆదివారాలు మళ్లీ మట్టిలోకి దిగాను.

జులై రెండో ఆదివారాన్ని జావా అభిమానులు ప్రపంచమంతటా జావా దినంగా జరుపుకుంటారు. 2023లో ఆ ఉత్సవం అయిన మరుసటి ఆదివారం కుంట్లూరు వైపు ఖాళీ జాగాలో తోలుతున్నాం. రాత్రి వాన పడి ఎర్రమన్ను జిగురుగా ఉంది. మలుపులో లోపలి కాలు ముందుకు చాచి, నేలకు ఆనీ ఆనకుండా పట్టుకోవాలి. చాచిన నా ఎడమ కాలు బురదలో దిగబడిపోయింది. బండి ఆగలేదు, ఒళ్లు తిరిగింది, పాదం మాత్రం తిరగలేదు. మోకాట్లో "టప్" మని శబ్దం నాకే వినబడింది.

కుర్రవాళ్లు పరుగెత్తుకొచ్చి "సార్, లేవకుండ్రి" అన్నారు. "ఏం గాలే" అంటూ లేచాను. అది నా మొదటి తప్పు. ఇంటికి వచ్చి "చెరువు గట్టు మీద కాలు జారింది" అన్నాను. అది రెండో తప్పు. మా ఆవిడ బండి వైపు చూసి, "చెరువు గట్టు హ్యాండిల్ మీదికి ఎట్ల వచ్చింది?" అని ఒకే ప్రశ్న వేసి లోపలికి వెళ్లిపోయింది. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. నేను సంతోషించాను. ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయే గాని లిగమెంట్లు కనబడవని అప్పటికి తెలియదు. తెలిసినవాళ్లు తలా ఒక నూనె చెప్పారు. వాచిన మోకాలికి మూడు వారాలు నూనె రాసి గట్టిగా రుద్దించాను. కొత్త దెబ్బను అలా రుద్దకూడదట, అదీ తర్వాతే తెలిసింది. నొప్పి కాస్త తగ్గగానే పని ఉండి బయలుదేరాను. ఎల్.బి.నగర్ మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉండగా, నాకెందుకని మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి కింద లేనట్టే అయిపోయింది. వెనకాల వస్తున్న ఎవరో అబ్బాయి చొక్కా కాలర్ పట్టుకోకపోతే ఈ ప్రసంగం మీకు తప్పేది.

ఆ మర్నాడు ఎముకల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, పిక్క వెనకనుంచి పట్టుకొని ముందుకు లాగి చూశారు. నా కుడి మోకాలు కదలలేదు, ఎడమది సొరుగు లాగా ముందుకు వచ్చింది. ఎం.ఆర్.ఐ. తీస్తే ముందు లిగమెంటు పూర్తిగా, లోపలివైపు పక్క లిగమెంటు సగం తెగాయని తేలింది.

లిగమెంట్లు అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలు. మోకాలికి ముఖ్యమైనవి నాలుగు. రెండు పక్కలా రెండు, లోపల ఇంటూ గుర్తులాగా అడ్డంగా దాటుకొనేవి రెండు. లోపలివైపు పక్క లిగమెంటుకు రక్త ప్రసారం బాగుంటుంది గనుక, కాపాడితే చాలావరకు అదే అతుక్కుంటుంది. లోపలి ముందు లిగమెంటు పూర్తిగా తెగితే ఆ మాదిరిగా అతుక్కుంటుందని నమ్మకంగా చెప్పలేం. కావాలంటే వేరేచోటి స్నాయువు తీసి కొత్తది అమర్చే ఆపరేషన్ ఉంది.

"ఆపరేషన్ చేయాలా?" అని అడిగాను. డాక్టరుగారు తొందరపడలేదు. స్వీడన్‌లో 121 మంది మీద చేసి 2010లో ప్రకటించిన పరిశోధన ఒకటి చెప్పారు. వెంటనే ఆపరేషన్ చేసినవారికీ, ముందు వ్యాయామం చేయించి అవసరమైతేనే ఆపరేషన్ చేసినవారికీ రెండేళ్ల తర్వాత పెద్ద తేడా కనబడలేదట. "వాళ్లంతా 18 నుంచి 35 ఏళ్లవాళ్లు, మీరు 73. మీకు ఫుట్‌బాల్ ఆడాల్సిన పని లేదు. ముందు తొడ కండ పెంచండి. అప్పటికీ మోకాలు జారిపోతుంటే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. ఇది నా కేసు మాత్రమే. మీ మోకాలికి ఏం చేయాలో మీ డాక్టరుగారే చెప్పాలి.

ఆరు వారాలు రెండు పక్కలా కీళ్లున్న బ్రేసు వేసుకొని, చేతికర్రతో నడిచాను. మీకు ఉపయోగపడే సంగతులు రెండు ఇక్కడ చెబుతాను. చేతికర్ర దెబ్బతగిలిన కాలి వైపు కాదు, ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. ఇన్నేళ్లలో నాకు ఈ రెండూ తెలియవు.

తర్వాత వనస్థలిపురంలో ఫిజియోథెరపీ. అమ్మాయికి మా మనవరాలి కంటే నాలుగేళ్లు ఎక్కువ ఉంటాయేమో. టేపుతో కొలిచి నా ఎడమ తొడ కుడి తొడ కంటే అంగుళంన్నర తక్కువ ఉందని చెప్పింది. వాడని కండ అంత త్వరగా కరిగిపోతుంది. పడుకొని కాలు నిటారుగా పెట్టి లేపడం, మడమ జరుపుతూ మోకాలు వంచడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడటం, కదలని సైకిలు తొక్కడం. చిన్నపిల్లల ఆటల్లాగా ఉంటాయి. చేస్తే చెమటలు పడతాయి.

నేను గుమాస్తాను గనుక ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, వంగిన కోణం, తొడ చుట్టుకొలత, నొప్పి, రిమార్కులు. మొదట మోకాలు 70 డిగ్రీలు వంగేది. కుర్చీలో సరిగా కూర్చోవడానికే 90 కావాలి. రెండో నెలకు 95, నాలుగో నెలకు 120 అయింది. నొప్పి కాలమ్‌లో వరుసగా సున్నాలు చూసి నాకు పొగరెక్కింది. నవంబరులో మా ఆవిడ గుడికి వెళ్లినప్పుడు బండి బయటికి తీశాను.

యెజ్డీ సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. దాని కిక్ రాడ్, గేర్ రాడ్ రెండూ ఒకటే, అదీ ఎడమ వైపు. ఎడమ కాలితో కిక్ కొట్టాను. రెండోసారికి మోకాలు వంకర తిరిగి, బండితో సహా గేటు మీద పడ్డాను. మళ్లీ వాపు, మళ్లీ కర్ర, ఆరు వారాలు వెనక్కి. ఆ అమ్మాయి నన్ను కోప్పడలేదు. "అంకుల్, నొప్పి తగ్గడం వేరు, కాలు బాగుపడటం వేరు" అంది. మిత్రులారా, ఇవాళ నేను చెప్పదలచిన మాట ఈ ఒక్కటే. మన వయసులో నొప్పి తగ్గగానే ఫైలు మూసేస్తాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పడిన రోజు సాయంత్రం మా ఆవిడ మంచం పక్కన కూర్చొని ఐసు పెడుతోంది. మెట్ల దగ్గర మోకాలు జారిపోతుంటే ఎంత భయమవుతుందో ఆమెకు వివరించబోయాను. ఆమె మెల్లగా, "పన్నెండేండ్ల నుంచి నాకు మెట్లు దిగేటప్పుడు అట్లనే అయితున్నదండీ" అంది. నేనేమీ మాట్లాడలేకపోయాను. పన్నెండేళ్లుగా ఆమె చెబుతూనే ఉంది. "వయసు మీద పడింది, మామూలే" అని నేనే జవాబిచ్చి పంపించేశాను. ఆఫీసులో ఎవరి అర్జీనైనా పన్నెండేళ్లు పెండింగులో పెట్టి ఉంటే నాకు మెమో వచ్చేది. అటువంటి కాళ్లతోనే ఆమె నాకు ఆరు వారాలు మంచం దగ్గరకు అన్నం తెచ్చి పెట్టింది.

మరుసటి వారం ఆమెనూ డాక్టరుగారికి చూపించాను. కీళ్ల అరుగుదల అన్నారు. ఆమెకూ తొడ వ్యాయామాలే రాశారు. రిజిస్టరులో రెండో పేజీ ఆమె పేరు మీద తెరిచాను. అప్పటినుంచి ఉదయం కాఫీకి ముందు ఇద్దరం రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకొని కూర్చోవడం, లేవడం. మొదట్లో ఆమెకు నవ్వాగేది కాదు. మూడు నెలలకు వడియాలు పెట్టడానికి తనంతట తనే డాబా ఎక్కింది. నొప్పి పూర్తిగా పోలేదు, భయం చాలావరకు పోయింది.

ఈ వయసులో కండ పెరుగుతుందా అని మీకు అనుమానం రావచ్చు. అమెరికాలో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించి 1990లో ఫలితం ప్రకటించారు. పూర్తిచేసిన తొమ్మండుగురి కాలి బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో వాళ్లకు పెరిగినప్పుడు డెబ్బైలో మనకెందుకు పెరగదు?

2024 జూన్‌లో, పదకొండు నెలలకు, డాక్టరుగారు బండికి అనుమతి ఇచ్చారు. రోడ్డుకు మాత్రమే. మెలి తిరిగితే ఆ మోకాలిని నమ్మడానికి వీల్లేదన్నారు. అమెరికాలో పాత బండ్ల మోటోక్రాస్ పోటీల్లో అరవై, డెబ్బై దాటినవాళ్లకు వేరే తరగతులు ఉన్నాయి. వాళ్లు తోలుతున్నారు, నేనెందుకు మానాలని చాలా రోజులు నాలో నేనే వాదించుకున్నాను. చివరకు నేనే నోటు రాసుకున్నాను. నేను మళ్లీ పడితే మంచం దగ్గరకు అన్నం మోసేది డెబ్బై ఏళ్ల మోకాళ్లు. కనుక మట్టి పందేలు చాలించడమైనది. సంతకం, తేదీ.

మానేశానని బాధ లేదని చెబితే అబద్ధమవుతుంది. ఆదివారాలు వెళ్లి మలుపు దగ్గర నిలబడి కుర్రవాళ్లకు కేకలు వేస్తాను. తడి మన్ను వాసన వస్తే ఎడమ కాలు దానంతటదే ముందుకు పోబోతుంది. వెనక్కి తీసుకుంటాను. బండి మాత్రం అమ్మలేదు. మా మనవడు కిక్ కొడతాడు, నేను తోలుతాను. నలభై అయిదేళ్లు ఇంకొకరిని ఆ కిక్ ముట్టనివ్వలేదు. ఇప్పుడు పొద్దున్నే "రారా నాన్నా, ఒక తన్ను తన్నిపో" అని పిలుస్తున్నాను. మెల్లగా పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి చాయ్ తాగి వస్తాను.

సభాసమయం ఎక్కువ తీసుకోను. మోకాలు వాస్తే ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదేరోజు డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్రలు సొంతంగా వారాల తరబడి మింగవద్దు. బి.పి., కిడ్నీ ఉన్నవారికి అవి చేటు చేస్తాయి. దెబ్బ తగిలితే ఇంట్లో దాచవద్దు, దాగదు కూడా. ఇంట్లో ఇంకొకరి మోకాలు ఎన్నేళ్లుగా అర్జీ పెట్టుకొని ఉందో ఇవాళ సాయంత్రం ఒక్కసారి అడగండి.

భోజనాలు పై అంతస్తులో అని కార్యదర్శిగారు చెబుతున్నారు. మంచి కాలు ముందు పెట్టి ఎక్కండి. సెలవు.