నూట యాభై గజాలు, ముగ్గురు వారసులు

(నారాయణఖేడ్‌లో మైనారిటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభ అనగానే రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ ఆస్తులు మన మనసులో మెదులుతాయి. నేను ఈ రోజు గజాల గురించి, మీటర్ల గురించి మాట్లాడదలిచాను. కొంత విసుగు పుట్టించే విషయమేనని ఒప్పుకుంటున్నాను. అయితే ఇంటి గోడకు నోటీసు అంటించిన రోజున ఈ లెక్క తెలియనివాడు కార్యాలయం చుట్టూ తిరుగుతాడు. తెలిసినవాడు ఒక కాగితం తీసి చూపిస్తాడు.

1956 వరకు బీదర్ జిల్లాలో ఉన్న మన ఖేడ్ ఆ తరువాత మెదక్‌లో చేరింది, 2016 అక్టోబరు నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 2018లో పురపాలక సంఘమయింది. జిల్లా మారితే మన జీవితంలో పెద్దగా మారేది లేదు. పంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చినప్పుడు మాత్రం మన ఇంటి గోడకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్న సంబంధమే మారిపోతుంది. ఈ మార్పును మనలో చాలామంది ఇంటి పన్ను రసీదులో తప్ప మరెక్కడా గమనించలేదు.

పట్టణ ప్రణాళిక రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈ నేల మీద ఏమి కట్టవచ్చు? ఎంత కట్టవచ్చు? మొదటిదానికి జవాబు జోను. మాస్టర్ ప్లాన్ పటంలో నివాసానికి ఒక రంగు, వ్యాపారానికి ఒకటి, పరిశ్రమలకు ఒకటి, ఉద్యానవనాలకు ఒకటి, వ్యవసాయానికి ఒకటి ఉంటాయి. మీరు కష్టార్జితంతో కొన్న ప్లాటు ఉద్యానవనాల రంగులో పడితే, రిజిస్ట్రేషన్ దస్తావేజు ఎంత పక్కాగా ఉన్నా ఇంటికి అనుమతి రాదు. దస్తావేజు యాజమాన్యాన్ని మాత్రమే చెబుతుంది, వినియోగాన్ని చెప్పదు. ఈ తేడా తెలియక మోసపోయినవారిలో నా బంధువులూ ఉన్నారు.

రెండవ ప్రశ్న సాంద్రతకు సంబంధించినది. ముంబయి వంటి నగరాలలో ఎఫ్‌ఎస్‌ఐ అనే కొలత ఉన్నది. స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదన్న హద్దు అది. మన రాష్ట్రంలో ఆ హద్దు 2006లోనే తొలగిపోయింది. ఇప్పుడు వర్తించే భవన నిబంధనలు 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవోలో ఉన్నాయి. వీటి ప్రకారం ఎంత కట్టవచ్చునన్నది మూడింటిని బట్టి తేలుతుంది: ప్లాటు పరిమాణం, ముందున్న వీధి వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, అంటే సెట్‌బ్యాక్. ఎఫ్‌ఎస్‌ఐ లేదనగానే ఎంతైనా కట్టుకోవచ్చునని కొందరు మేస్త్రీలు భరోసా ఇస్తారు. నమ్మకండి.

ఒక లెక్క చూద్దాం. వీధి వైపు 30 అడుగులు, లోపలికి 45 అడుగులు ఉన్న స్థలం, అంటే 150 గజాలు. తండ్రి మరణించాడు. తల్లి అంతకుముందే పోయింది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. షరియత్ ప్రకారం అన్నదమ్ములకు అరవై గజాల చొప్పున, చెల్లెలికి ముప్పై గజాలు. అందరికీ వీధి కావాలి కనుక నిలువునా కోస్తే అన్నదమ్ములకు 12 అడుగుల వెడల్పు చొప్పున, చెల్లెలికి 6 అడుగులు వస్తుంది. ఆరడుగుల వెడల్పులో ఇల్లేమిటి, నడవా అవుతుంది. చివరకు అన్నలు ఆమె చేతిలో కొంత సొమ్ము పెట్టి, ‘నీకెందుకమ్మా ఈ ముక్క’ అంటారు. ఆమె హక్కు మార్కెట్ ధర కంటే ఎంతో తక్కువకు కరిగిపోతుంది. ఇది మన ఇళ్లలో జరగడం లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలవారు ఎందరు?

ఇప్పుడు నిబంధనలు చూడండి. వీధి 12 మీటర్ల లోపు ఉంటే, వంద చదరపు మీటర్ల లోపు ముక్కలో ముందు మీటరున్నర, అంటే సుమారు 5 అడుగులు వదలాలి. 7 మీటర్ల ఎత్తు వరకు, అంటే కింద ఒకటి, పైన ఒకటి కట్టుకుంటే పక్కల వదలనక్కరలేదు. ఆ లెక్కన ముగ్గురూ కలిసి రెండు అంతస్తులలో కట్టగలిగేది సుమారు 2,400 చదరపు అడుగులు. అది కూడా ఒకదానికొకటి అతుక్కుని, పక్క కిటికీ లేని మూడు సొరంగాలుగా.

అదే స్థలాన్ని విడదీయకుండా ఉంచితే అది సుమారు 125 చదరపు మీటర్ల ప్లాటు. ముందు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా మీటరు వదిలితే 10 మీటర్ల ఎత్తు వరకు, అంటే మూడు అంతస్తులు కట్టవచ్చు. అంతస్తుకు సుమారు 860 చొప్పున మొత్తం 2,580 చదరపు అడుగులు దాటుతుంది. నాలుగు వైపులా గాలి, వెలుతురు. చెల్లెలి అయిదో వంతు 500 చదరపు అడుగులకు పైగా వస్తుంది. గది, వంటిల్లు, స్నానాల గది ఉన్న నిజమైన ఇల్లు అది. వాటాలను గోడలతో కాక, ఉమ్మడి పేరున అనుమతి తీసుకుని, అంతస్తుల మీద రిజిస్టర్డ్ దస్తావేజుతో పంచుకుంటే సరిపోతుంది. వకీలుకు అయ్యే ఖర్చు మూడు మెట్లవరసలు కట్టే ఖర్చు కంటే తక్కువే.

మరి అందరూ ముక్కలు ఎందుకు చేస్తున్నారు? అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోవడం ఒక కారణం. దానికి నా దగ్గర మందు లేదు. రెండో కారణం 75 గజాల వెసులుబాటు. 2019 పురపాలక చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల లోపు ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. పేదలకు ఇది మంచి సదుపాయమే. కానీ దీనికోసమే నూట యాభై గజాలను చీల్చుకోవడం తెలివి కాదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల లోపు ఇంటికి కూడా స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి 2020లో టీఎస్-బీపాస్‌తో వచ్చింది. స్వీయ ధ్రువీకరణలో సంతకం మనదే, తప్పు రాస్తే బాధ్యతా మనదే. నోటీసు ఇవ్వకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉన్నది.

ఇక వీధి. కొత్త ప్రాంతాలలో ఇంటి ముందు 9 మీటర్ల దారి ఉండాలి, పాత నివాస ప్రాంతాలలో 6 మీటర్లు. మన గల్లీలు ఎన్ని 20 అడుగులు ఉన్నాయి? 12 అడుగుల గల్లీలో తక్కువైన 8 అడుగులలో సగం మన స్థలం నుండి పోతుంది, ఆ తరువాతనే సెట్‌బ్యాక్ లెక్క మొదలవుతుంది. రోడ్డుకు ఉచితంగా స్థలం వదిలినవారికి సడలింపులు ఉన్నాయి. అడిగినవారికే అవి దొరుకుతాయి, కనుక దరఖాస్తులో రాయండి. నియమం అందరికీ ఒకటే అంటారు. వెడల్పాటి రోడ్డు మీద ఉన్నవాడికి ఆకాశం దొరుకుతుంది, గల్లీలో ఉన్నవాడి నేల కూడా తగ్గుతుంది. 2001 లెక్కలలో దేశ జనాభాలో 27.8 శాతం పట్టణాలలో ఉండగా, ముస్లింలలో 35.7 శాతం ఉన్నారని సచార్ కమిటీ చూపింది. కనుక పట్టణ నిబంధనల బరువు మన మీద ఎక్కువే పడుతుంది.

జోనింగ్‌ను మనుషులను వేరుచేయడానికి వాడిన చరిత్ర కూడా ఉన్నది. 1910లో అమెరికాలోని బాల్టిమోర్ నగరం నల్లవారు ఏ వీధిలో ఉండవచ్చునో చట్టం చేసింది. అటువంటి చట్టాన్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. తరువాత జాతి పేరు ఎత్తకుండానే, పెద్ద ప్లాట్లు ఉండాలన్న నిబంధనతో పేదలను దూరంగా ఉంచిన ఊళ్లు ఎన్నో. న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ అనే ఊరిలో మసీదుకు 107 పార్కింగ్ స్థలాలు కావాలని పట్టుబట్టారు. చర్చిలకు వేసే లెక్క వేస్తే 50 చాలు. ముస్లింలు నినాదాలతో కాక ఈ రెండు అంకెలతో కోర్టుకు వెళ్లి గెలిచారు. 2017లో ఆ ఊరు 32 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీ పడింది.

అంత దూరం ఎందుకు, మన పొరుగున కామారెడ్డి ఉన్నది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంట భూములు పారిశ్రామిక జోనులో పడ్డాయని రైతులు 2023 జనవరిలో కలెక్టరేట్ ముందు బైఠాయించారు. ఆ నెల 20న పురపాలక సంఘం ముసాయిదాను వద్దని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది. ముసాయిదా దశలో పటం కాగితమే, చెరపవచ్చు. ఖరారయ్యాక ఒక్క ప్లాటు వినియోగం మార్చాలన్నా ప్రభుత్వం దాకా వెళ్లాలి.

మన ఊరి పటం కోసం కార్యాలయంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. పటంలో ముందుగా మీ ఇల్లు వెతకకండి, అది అందరూ చేసే పనే. ముందు ఖబరస్తాన్, ఈద్గా, దర్గాల సర్వే నంబర్లు చూడండి. వాటి మీద ఏ రంగు వేశారు, ప్రతిపాదిత రోడ్డు గీత ఏదైనా వాటి మీదుగా పోతున్నదా? ఇంటికి యజమాని ఉంటాడు, అభ్యంతరం రాస్తాడు. సమాధులలో ఉన్నవారు రాయలేరు. తరువాత చెరువులు, కుంటలు చూడండి. పది హెక్టార్లకు మించిన చెరువు నిండు నీటిమట్టం నుండి 30 మీటర్లు, చిన్న కుంటయితే 9 మీటర్లు కట్టడాలు నిషిద్ధం. చౌకగా వస్తున్నదని కొనే ప్లాట్లు తరచు అక్కడే ఉంటాయి.

మీ ప్లాటు కొలతలు తెచ్చుకున్నవారు ఉంటే ముందుకు రండి. టేపు, క్యాలిక్యులేటర్ నా దగ్గర ఉన్నాయి. వారసత్వ వాటాల గురించి అడగదలిచిన చెల్లెళ్లు ముందు అడగండి, అన్నలు కాసేపు ఆగుతారు.