కొలువే కాదు, నేర్పు కూడా అడగాలె

(ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ఇందులో నియామకాల మాట మనకు నిన్న మొన్నటిది కాదు. 1969 జనవరిలో పాల్వంచలో, కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో స్థానికులకు దక్కాల్సిన కొలువుల కాడనే నిప్పు రాజుకుంది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులైనా, 1985 నాటి 610 జీవో అయినా లెక్కంతా పోస్టుల మీదనే. ఆ లెక్క అడగకుంటే ఇంత దూరం వచ్చేవాళ్లమే కాదు. కానీ పోస్టు మన పిలగానికే వచ్చినా, అందులోని పనే మారిపోతుంటే ఏమడగాలె?

సింగరేణినే చూద్దాం. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన నాటి నుంచి బాయి పని నేర్పింది ఎక్కువగా పక్కనున్న మనిషే. కట్టెతో కప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి బండ నిలుస్తదా ఊడిపడ్తదా చెప్పే విద్య ఏ పుస్తకం చదివితే వస్తది? తట్టా చెమ్మస్ పట్టి దిగినవాళ్లు పాతవాళ్ల వెంట తిరిగి, పరీక్షలు రాసి మైనింగ్ సర్దార్లయిండ్రు, కొందరు ఓవర్‌మన్ దాకా పోయిండ్రు. బాయిలో దిగేముందు శిక్షణ ఇయ్యాలని 1966లోనే కేంద్రం నిబంధనలు చేసింది. ఆ భారం యజమానిదే అన్నది.

1990ల మొదట్లో లక్ష దాటిన ఆ కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నరు. భూగర్భ బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగినయి. మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. కంపెనీ 2016లో జైపూర్‌లో 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం నడిపించింది, తర్వాత సోలార్‌లోకి దిగింది. సోలార్ పలకలకు వందలమంది అక్కర లేదు. కావాల్సిన కొద్దిమందికైనా వేరే విద్య కావాలె. మరి కాంట్రాక్టు కార్మికుని సంగతేంది? కాంట్రాక్టరు మారుతుంటడు, మనిషి అదే ఉంటడు. ఎల్లుండి పోయే కాంట్రాక్టరు ఈ మనిషికి కొత్త యంత్రం నేర్పడానికి పైసలు పెడతడా?

చదువుల సంగతి చూస్తే ఇంకో చిత్రం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేదింటి పిల్లలు ఇంజనీరింగ్ గడప తొక్కిండ్రు. అది చిన్న సంగతి కాదు, దాన్ని ఎకసెక్కం చేసేటోళ్లతో మనకు పొత్తు లేదు. కానీ నాలుగేండ్ల చదువు సర్కారు పైసలతో అయితే, కొలువుకు పనికొచ్చే విద్య అమీర్‌పేటలో సొంత పైసలతో, హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకొని నేర్చుకునుడైంది. మరి నాలుగేండ్లు కాలేజీ ఏం నేర్పినట్టు? ఫీజులు మాత్రం లెక్కగా తీసుకున్నది.

అప్రెంటిస్ సంగతి కూడా సూడాలె. చట్టం 1961 నాటిది. 30 మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థా 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని 2019 నిబంధనలు అన్నయి. వినడానికి బాగనే ఉంది. అయితే ఆ చట్టం కింద అప్రెంటిస్ కార్మికుడు కాడు. శిక్షణ అయినంక కొలువు ఇయ్యాలన్న గ్యారంటీ లేదు. యంత్రం కాడ పని చేసేది మనోడే, ఏడాది తిరిగేసరికి బయట నిలబడేదీ మనోడే.

2024లో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలు చేసే పని మొదలైంది. స్కిల్స్ యూనివర్సిటీ చట్టమూ అదే ఏడు వచ్చింది. మంచిదే, స్వాగతిద్దాం. కానీ రోబో మిషన్ బిగించినంత సులువు కాదు, దాని ముందల నిలబడి తెలుగులో నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ను తయారుచేసుడు.

ఆఫీసుల్లో ఉన్న మనకూ ఇది దూరం కాదు. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నరు, నోట్ ఫైల్ అదే రాస్తదంటున్నరు. దాన్ని రాత్రి ఇంటికిపోయి, ఆదివారాలు కూసొని మేమే నేర్చుకోవాల్నా? నేర్చుకునే కాలం డ్యూటీ కాలం కాదా?

అందుకే వచ్చే వేతన ఒప్పందాల డిమాండ్ పత్రాల్లో జీతంతో కూడిన శిక్షణ దినాలు ఏడాదికి ఎన్నో అంకె వేసి రాద్దాం. కాంట్రాక్టు కార్మికుని పేరూ అందులోనే ఉండాలె. విద్యార్థి సంఘాలు తమ జిల్లాలో ఏ ఐటీఐలో ఏ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టర్ ఉన్నడో, ఏ ట్రేడుకు లేడో తిరిగి రాసుకురావాలె. ఆ కాగితాలు పట్టుకొని కలెక్టరేట్లకు అందరం కలిసే పోదాం.