రికార్డులో లేని యుద్ధం: సిపాయి పతకాలు, సిపాయి కాగితాలు

(సూరత్‌లోని కతర్‌గామ్‌లో తెలుగు కార్మిక కుటుంబాలు, విద్యార్థులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి షిఫ్టులో సాంచెలు నడిపి నేరుగా ఇక్కడికి వచ్చిన అన్నలున్నారు, యూనివర్సిటీల నుంచి వచ్చిన మిత్రులున్నారు. నా పీహెచ్‌డీ పని సైన్యంలో దళితుల చరిత్ర మీద. ఈరోజు మాత్రం శౌర్యం గురించి తక్కువ, కాగితం గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఇక్కడే, కతర్‌గామ్‌లో, మన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి తాత అంటాను. 1968లో సైన్యంలో చేరి, పదిహేనేళ్ళు సిపాయిగా చేసి, 1983లో పెన్షన్‌తో బయటికొచ్చాడు. కొడుకు సాంచెల పనికి సూరత్ వస్తే వెంట వచ్చి, చాలా ఏళ్ళు ఒక వజ్రాల కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్‌గా నిలబడ్డాడు. ఆయన డిశ్చార్జ్ బుక్కులో పతకాల పేజీలో రెండే ఎంట్రీలు: తొమ్మిదేళ్ళ సర్వీసు మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్. 1971 యుద్ధం ఆ పుస్తకంలో లేదు. ఆ డిసెంబర్‌లో తాను పశ్చిమ సరిహద్దులో ఉన్నానని ఆయన యాభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. అర్జీ పెడదాం అని నేనంటే కొడుకు అడిగిన ప్రశ్న ఇది: "దాంతో ఏమొస్తది అన్నా?"

న్యాయమైన ప్రశ్నే. పైసా రాదు. ఇలాంటి సర్వీసు పతకాలకు నెలనెలా డబ్బేమీ ఉండదు. మరి ఎందుకు?

జవాబు చెప్పే ముందు తప్పు ఎలా పడిందో చూద్దాం. సిపాయి జీవితంలో ఏం జరిగినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, యుద్ధరంగానికి వెళ్ళినా, అతని యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డర్‌లో ప్రచురించాలి. దాని ఆధారంగా రికార్డ్ ఆఫీసులో గుమాస్తా షీట్ రోల్‌లో ఎంట్రీ వేస్తాడు. ఆ ఎంట్రీ ఉంటేనే పతకానికి అర్హత. తాతను ఆ నెలల్లో సొంత యూనిట్ నుంచి తీసి వేరే యూనిట్‌కు అటాచ్‌మెంట్ మీద పంపారు. సొంత యూనిట్ వాళ్ళు తమ దగ్గర ఉన్నవాళ్ళ పేర్లు రాశారు. అటాచ్‌మెంట్ యూనిట్ వాళ్ళు, మన మనిషి కాదు కదా, వాళ్ళ వాళ్ళు రాస్తారులే అనుకుని ఉంటారు. ఇద్దరూ రాయలేదు. ఆయన యుద్ధంలో ఉన్నాడు, ఆయన కాగితం లేదు.

విచిత్రం ఏమిటంటే సంగ్రామ్ మెడల్ ఆ రోజుల్లో సర్వీసులో ఉన్నవాళ్ళకు దాదాపు అందరికీ ఇచ్చిందే. అదే పుస్తకం మొదటి పేజీలో 1968లో చేరాడని ఉంది, చివర 1983లో డిశ్చార్జ్ అని ఉంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకున్న ఎవరికైనా తప్పు కనిపిస్తుంది. పశ్చిమీ స్టార్‌కు మాత్రం సరిహద్దు ప్రాంతంలో ఉన్నట్టు రుజువు కావాలి. మొదట పెట్టిన అర్జీకి ఒక ఆఫీసు నుంచి వచ్చిన జవాబు నాలుగు లైన్లు: రికార్డులో ఎంట్రీ లేదు కాబట్టి పతకం ఇవ్వడం కుదరదు. మేము అడిగిందే ఆ ఎంట్రీ వేయమని!

ఇక కొడుకు ప్రశ్నకు వస్తాను. కోరేగావ్ స్తంభం మనందరికీ తెలుసు. 1818 జనవరి 1న జరిగిన యుద్ధంలో చనిపోయిన మహర్ సిపాయిల పేర్లు, చివర 'నాక్' అని వచ్చే పేర్లు, ఆ రాతి మీద ఉన్నాయి. కంపెనీ వాళ్ళు దళితుల మీద ప్రేమతో చెక్కలేదు, తమ విజయం కోసం చెక్కుకున్నారు. అయినా పేర్లు పడ్డాయి. నూటతొమ్మిదేళ్ళ తర్వాత, 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్ళి నిలబడగలిగాడంటే అక్కడ చదవడానికి పేర్లున్నాయి కాబట్టి. అక్కడ ఊరికే 'కంపెనీ సేన' అని రాసి ఉంటే, మనం ఈరోజు జనవరి 1న ఎక్కడికి వెళ్ళేవాళ్ళం?

పేర్లు పడనివాళ్ళ సంగతి కూడా చూడాలి. బ్రిటిష్ సైన్యంలో సిపాయిల వెనక నడిచేవాళ్ళుండేవారు: పాకీవాళ్ళు, తోలు తిత్తుల్లో నీళ్ళు మోసే భిస్తీలు, గుర్రాలు చూసేవాళ్ళు, కూలీలు. వాళ్ళను 'ఫాలోయర్లు' అనేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దండయాత్రల నుంచి ఒక పద్ధతి కనిపిస్తుంది. అదే యుద్ధం, అదే పతకం; పోరాడినవాడికి వెండిది, ఫాలోయర్‌కు కంచుది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ కూడా అంతే. ఇండియన్ లేబర్ కోర్‌లో ఫ్రాన్స్ వెళ్ళిన సంతాల్, ఒరావ్, ముండా, నాగా, ఖాసీ మనుషులకు కంచు పతకమే. లోహంలో కూడా అంతస్తులు పెట్టగలిగిన బుర్రల గురించి మనకు కొత్తగా చెప్పేవాళ్ళు అక్కర్లేదు. రాధికా సింఘా ఈ కూలీల యుద్ధం మీద ఒక పుస్తకమే రాశారు; ఇక్కడున్న విద్యార్థులు చదవాలి. 2021లో కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ తానే వేసుకున్న కమిటీ ఏం చెప్పిందో కూడా చూడండి. మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళలో కనీసం 1,16,000 మందికి, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులకు, పేరుతో స్మారకం లేదు, లేదా అసలు స్మారకమే లేదు. చాలామంది పేర్లు ఇప్పుడు పెడదామన్నా దొరకవు.

మనవాళ్ళకు ఈ విషయం ముందే తెలుసు. 1890ల మొదట్లో 'యుద్ధ జాతుల' సిద్ధాంతం పేరుతో మహర్ల రిక్రూట్‌మెంట్ ఆపేశారు. అప్పుడు రిటైరైన సైనికుడు గోపాల్ బాబా వాలంగ్‌కర్ 1894లో అర్జీ రాశాడు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే లండన్ దాకా అర్జీ పంపాడు. ఆ అర్జీల్లో వాదన ఏమిటి? మా తాతలు ఫలానా యుద్ధంలో చేశారు, మీ రికార్డులే చూసుకోండి అని. 1917లో యుద్ధ అవసరం పడితే 111వ మహర్ రెజిమెంట్ పెట్టారు, అవసరం తీరాక 1921 కల్లా తీసేశారు. మళ్ళీ మహర్ రెజిమెంట్ వచ్చింది 1941 అక్టోబర్ 1న, బెల్గాంలో. చమార్ రెజిమెంట్ 1943లో పుట్టి 1946లోనే రద్దయింది. రద్దయిన రెజిమెంట్‌కు వారసుడుండడు, దాని కథ చెప్పే మెస్సు ఉండదు, దాని పుట్టినరోజు చేసేవాళ్ళుండరు.

ఇక్కడి నుంచి రైల్లో రెండు గంటలు పోతే బరోడా. సుబేదార్ కొడుకైన అంబేడ్కర్ 1913లో కొద్దిరోజులు అక్కడి సంస్థాన సేనలో లెఫ్టినెంట్. తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి వదిలి వెళ్ళాడు. 1917లో కొలంబియాలో చదివి తిరిగి వచ్చాక మహారాజు దగ్గర మిలటరీ సెక్రటరీ. అప్పుడే ఆఫీసు ప్యూన్లు ముట్టుకుంటే మైలపడతామని ఫైళ్ళను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. కాగితాన్ని తటస్థమైన వస్తువు అనుకునే మిత్రులకు ఆ దృశ్యం గుర్తు చేయడం నాకు అలవాటు.

అమెరికాలో ఈ పని కొంత జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో పదిలక్షలకు పైగా నల్లజాతి వాళ్ళు పనిచేస్తే, ఒక్కరికీ మెడల్ ఆఫ్ ఆనర్ రాలేదు. 1993లో సైన్యమే షా యూనివర్సిటీకి పరిశోధన అప్పగించింది. 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చారు. ఆరుగురు అప్పటికే లేరు. బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కడే, 77 ఏళ్ళు. ఒమాహా బీచ్‌లో తానే గాయపడి కూడా గంటల తరబడి సైనికులకు వైద్యం చేసిన వేవర్లీ వుడ్సన్ సంగతి ఇంకా కష్టం. 1973లో సెయింట్ లూయిస్ రికార్డుల భవనం కాలిపోయింది. 1912 నుంచి 1960 మధ్య డిశ్చార్జైన ఆర్మీ వాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం పోయాయి. వుడ్సన్ 2005లో చనిపోయాడు. భార్య జోయన్ పట్టు వదల్లేదు. 2024లో డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. అక్కడ సైనిక రికార్డులు సరిచేయడానికే 1946 నాటి చట్టం కింద బోర్డులున్నాయి. మనకు అలాంటి బోర్డు లేదు.

తాతకు జరిగింది కులం వల్లే అని నేను అనను. నా దగ్గర రుజువు లేదు, రుజువు లేకుండా అనడం ఆయనకూ మంచిది కాదు. అటాచ్‌మెంట్‌లో అన్ని కులాలవాళ్ళూ ఉంటారు. తప్పు ఎవరి కాగితంలోనైనా పడుతుంది. నా ప్రశ్న తప్పు దగ్గర లేదు, సవరణ దగ్గర ఉంది. కార్గిల్‌లో తన బ్రిగేడ్ చేసినదాన్ని తక్కువ చేసి రాశారని బ్రిగేడియర్ దేవీందర్ సింగ్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళితే, 2010లో ఆయన వైపు తీర్పు వచ్చింది. రావాల్సిందే. కాని ఆయన తన రికార్డు చదవగలిగాడు, లాయర్ను పెట్టుకోగలిగాడు. 1983లో తాత చేతికి డిశ్చార్జ్ బుక్కు ఇచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. అది చదివిన మొదటి మనిషి ఆయన మనవరాలు, డిగ్రీ రెండో సంవత్సరంలో. ఆ పిల్లే నాకు ఫోన్ చేసింది.

మాకు చివరికి దొరికింది ఒక ఇన్‌లాండ్ లెటర్. 1971 డిసెంబర్‌లో ఊరికి రాసింది. దాని మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తేదీ. అవ్వకు చదవడం రాదు, అయినా పెట్టెలో చీరల అడుగున దాచుకుంది. అది జతచేసి రెండో అర్జీ పంపాం. జవాబు ఇంకా రాలేదు.

కాబట్టి ఇక్కడ ఎవరింట్లోనైనా సైన్యం నుంచి వచ్చినవాళ్ళుంటే వినండి. అర్జీ ముందు రికార్డ్ ఆఫీసుకు. సర్వీసు నంబర్, ర్యాంకు, యూనిట్, అటాచ్‌మెంట్ తేదీలు తప్పకుండా రాయండి. షీట్ రోల్ నకలు కోసం సమాచార హక్కు కింద విడిగా అడగండి. కాదంటే ట్రిబ్యునల్, మామూలుగా ఆరు నెలల్లోపు వెళ్ళాలి, ఆలస్యమైతే కారణం చెప్పి మాఫీ కోరవచ్చు. గుజరాత్‌లో ఉన్నవాళ్ళకు ముంబై బెంచి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ళు మరీ తొందరపడాలి, 25 ఏళ్ళు దాటితే వాళ్ళ కాగితాలు ధ్వంసం చేస్తారు. పతకం ఒక్కటే కాదు, అదే పుస్తకంలో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. అది తప్పుంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ ఆగేది అక్కడే.

విద్యార్థి మిత్రులు నలుగురు తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నారు. డిశ్చార్జ్ బుక్కు తెచ్చినవాళ్ళు అసలుది ఎవరి చేతికీ ఇవ్వకండి, ఫోన్‌లో ప్రతి పేజీ ఫోటో తీయించుకోండి, ఖాళీ పేజీలు కూడా. ఇంట్లో పాత ఉత్తరాలుంటే ముద్ర ఉన్న వైపు ముందు తీయండి.