ఫీలర్ గేజ్ చెప్పని సంగతి

మెకానికల్ పట్టభద్రులారా, మీకు నేను చెప్పదలచింది ఒక్కటే: ఇంజిన్‌లో కోత ఒకచోట పడితే కొలత ఇంకోచోట మారుతుంది.

పాత అంబాసిడర్‌నే తీసుకోండి. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో, పుష్ రాడ్ల మీదుగా పైన షాఫ్టుకు ఉన్న రాకర్లు. సీటు అరిగిందని కటింగ్ చేస్తాం. వాల్వ్ ఆ మేరకు లోపలికి దిగుతుంది, స్టెమ్ కొన పైకి లేస్తుంది, ట్యాపెట్ బిగుస్తుంది. స్క్రూ వదులు చేస్తే ఫీలర్ గేజ్ సరేనంటుంది. రాకర్ కోణం మాత్రం మారిపోయింది. స్టెమ్‌ను నడినెత్తిన నొక్కాల్సింది పక్కకు తోస్తుంది. కొన్నాళ్లకు గైడు కోలగా అరిగి నీలం పొగ మొదలవుతుంది. స్ప్రింగుకు చోటు పెరిగి దాని పట్టూ తగ్గుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే! స్టెమ్ కొనను ఆ మేరకు గ్రైండ్ చేయాలి, స్ప్రింగు కింద షిమ్ వేయాలి. మరీ దిగిపోతే కొత్త సీటు రింగే గతి.

అదే ఇంజిన్‌కు హెడ్ ఫేసింగ్ చేస్తే రాకరూ వాల్వూ కలిసే దిగుతాయి కాబట్టి వాటి మధ్య కోణం చెడదు, స్క్రూ సర్దితే చాలు. 1955లో వచ్చిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8లో అలా కుదరదు. ఒక్కో రాకర్ ఒక్కో స్టడ్డు మీద ఉంటుంది, దాని ఎత్తు తేల్చేది పుష్ రాడ్డే. హెడ్ కోస్తే పాత రాడ్డు పొడవైపోతుంది. పైగా హెడ్లు రెండూ ఏటవాలుగా దిగి దగ్గరవుతాయి, మధ్యన కూర్చునే ఇంటేక్ మానిఫోల్డ్ బోల్టు రంధ్రాలు కలవవు. హెడ్ నుంచి 20 థౌ, అంటే అర మిల్లీమీటరు తీస్తే, ఇంటేక్ ముఖం నుంచి సుమారు 25 థౌ తీయాలి. క్యామ్ పైనే ఉన్న ఇంజిన్లలో ఈ కోతకే టైమింగ్ కాస్త వెనకబడుతుంది.

బోరింగ్ షాపు బిల్లులో ‘ఫేసింగ్’ అని ఉంటుంది, ఎంత తీశారో తరచూ ఉండదు. మొహమాటపడకుండా అడగండి. హెడ్ మందం మీరే కొలవండి. పిస్టన్ మీద బంకమట్టి అద్ది, హెడ్ బిగించి, క్రాంకును చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. హెడ్ విప్పి, మట్టిని బ్లేడుతో కోసి, వాల్వ్ నొక్కినచోట మందం చూడండి. వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య మిగిలిన చోటు అంతే. సెల్ఫ్ కొట్టడం ఆ తర్వాత.