నూట అయిదు రూపాయలకు ఖాతా మొత్తం స్తంభన
(వీధి వర్తకుల, చిరు వ్యాపారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తోపుడు బండిపై పండ్లమ్మేవారు, టీ కొట్టువారు, టిఫిను బండి నడిపేవారు నేడు మన సంఘ కార్యాలయాలకు ఒక కొత్త ఫిర్యాదుతో వస్తున్నారు. మామూళ్ళ బాధ, బండ్ల తొలగింపు, వడ్డీ వ్యాపారుల వేధింపు ఇంకా పోలేదు. వాటికి తోడు, రాత్రికి రాత్రే బ్యాంకు ఖాతా ఆగిపోయి, తెల్లవారి సరుకు కొనడానికి చేతిలో పైకం లేని దుస్థితి దాపురించింది. దీనికి కారణాలేమిటో, మన కర్తవ్యమేమిటో పరిశీలిద్దాం.

కారణాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది పత్రాలకు సంబంధించినది. కె.వై.సి. వివరాలు గడువులోగా సరిచేయకపోయినా, ఆధార్, పాన్ కార్డులలో పేర్లు కలవకపోయినా బ్యాంకు ఆంక్షలు విధించవచ్చు. సొంత పొదుపు ఖాతాలోనే అంగడి వసూళ్ళన్నీ పడుతూవుంటే అనుమానానికి తావిస్తుంది. ఇవి పత్రాలు చూపితే చక్కబడే చిక్కులు.

రెండవది తీవ్రమైనది. సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదులకై కేంద్ర హోం శాఖ 2021లో ఒక జాతీయ వ్యవస్థను నెలకొల్పింది. 1930 దాని టెలిఫోను నంబరు. ఫిర్యాదు అందగానే ఆ సొమ్ము ఏ ఖాతానుండి ఏ ఖాతాకు పోయినదో వరుసగా వెదకి ఆపుతారు. బాధితుని సొమ్ము దక్కాలంటే ఈ వేగం అవసరమే. మనం దానిని వ్యతిరేకించడం లేదు. కాని ఆ గొలుసులో మూడవ లంకెగానో, నాల్గవ లంకెగానో మన టీ కొట్టు తగులుకొంటున్నది. మోసగాడు ఆ సొమ్ములో పది రూపాయలతో టీ త్రాగితే, ఆ పది రూపాయలే కాక కొట్టువాని ఖాతా అంతా కట్టుబడిపోవచ్చు. ఫిర్యాదు నమోదైనది తరచు మరొక రాష్ట్రంలో. అక్కడి ఠాణాకు పోయిరావడానికయ్యే రైలు చార్జీ వివాదపు సొమ్ముకు ఎన్నో రెట్లు!

ఇది అతిశయోక్తి కాదు. ఢిల్లీలో ఛోలే భటూరే అమ్ముకొనే ఒక చిరు వ్యాపారి ఖాతాను కేవలం 105 రూపాయల జమ కారణంగా పూర్తిగా స్తంభింపజేశారు. 2024లో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకొన్న తరువాతనే అతనికి ఊరట లభించింది. అంతకు ముందే, 2023లో, కేరళ హైకోర్టు పోలీసులు పేర్కొన్న వివాదపు మొత్తానికే నిలుపుదలను పరిమితం చేయాలని చెప్పింది.

చట్టం ఏమంటున్నది? దొంగసొత్తని తెలిసిగాని, నమ్మడానికి కారణముండిగాని పుచ్చుకొంటేనే నేరం. సరుకు ఇచ్చి ధర పుచ్చుకొన్నవాడు నేరస్థుడు కాడు. పోలీసులు ఆస్తిని స్వాధీనపరచుకొంటే ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షను కూడా అదే చెబుతున్నది. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని బొంబాయి కాలిబాట వాసుల కేసులో సుప్రీం కోర్టు 1985లోనే ప్రకటించింది. రోజు గడిస్తేనే కుండలో గింజ పడే కుటుంబానికి ఖాతా స్తంభన అంటే ఉపాధి స్తంభనే.

కనుక మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. వివాదపు మొత్తాన్నే ఆపాలి. తక్కిన సొమ్మును ముట్టరాదు. కారణాన్ని, ఫిర్యాదు నంబరును, ఆదేశించిన ఠాణా పేరును ఖాతాదారుని భాషలో వ్రాతమూలకంగా తెలపాలి. పొరుగు రాష్ట్రానికి పోనవసరం లేకుండా స్థానిక ఠాణాలోనే వివరణ స్వీకరించాలి.

సభ్యులు చేయవలసినదీ వున్నది. అంగడికి వేరే ఖాతా తెరవండి. సరుకు కొన్న రసీదులు, వీధి వర్తకుల గుర్తింపు కార్డు భద్రపరచండి. ఎవరో కమీషను ఇస్తామంటే మీ ఖాతాను, క్యూఆర్ కోడ్‌ను అప్పగించకండి. అది మోసగాండ్ర వల. ఖాతా ఆగిన నాడే బ్యాంకుకు అర్జీ ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనండి. బ్యాంకు లోపం వల్లనే చిక్కు వచ్చి, ముప్పది రోజులలో పరిష్కారం కాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఒంటరిగా కౌంటరు ముందు నిలచిన వర్తకునికి "పై ఆదేశం" అనే జవాబే దొరుకుతుంది. పదిమంది అర్జీలతో సంఘం వెళ్ళినప్పుడు ఆ ఆదేశం ఎవరిదో, ఎంత మొత్తానికో చెప్పక తప్పదు. ప్రతి శాఖా ఇటువంటి కేసుల జాబితాను నేటినుండే తయారుచేయాలని కోరుతున్నాము.